వెనక సీటు మామ

దివసాల కార్డు ఫోన్లో వచ్చినప్పుడు పేరు చదివి, ఎవరో తెలియనివాళ్ళు పొరపాటున పంపారనుకున్నాను. ఫొటో తెరుచుకోవడానికి కాస్త సేపు పట్టింది. తెరుచుకున్నాక చూస్తే మా వెనక సీటు మామ. ఇరవై ఏళ్ళుగా అనంతపురంలో రిజిస్ట్రారాఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసుకుని బతుకుతున్నవాణ్ణి నేను. మనిషి కనిపిస్తే చాలు ఇంటిపేరు, తండ్రిపేరు, వయసు, వృత్తి, నివాసం అడగడం నాకు అలవాటు. అలాంటి నాకు ఆయన పేరు ఆయన పోయాకే తెలిసింది. ఆ పేరు ఇక్కడ రాయను. రాసినా ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరూ గుర్తుపట్టరు.

వాళ్ళ ఊరు శింగనమల పక్కన. పదకొండో నాడు నేనూ మా ఆవిడా పోయాం. ఇంటి ముందు షామియానా వేశారు గానీ దాని కింద మనుషులు కూర్చునే చోటు లేదు, అంతా స్కూటర్లే. సీట్లు ఎండకి కాలిపోతాయని వచ్చినవాడు వచ్చినట్టు బండిని నీడలోకి తోసేశాడు. నలభైకి తక్కువ లేవు. అన్నీ సెకండ్ హ్యాండువే, అన్నీ ఆయన చూసి "తీసుకో" అన్నవే. మనుషులు ఎండలో నిలబడి అన్నాలు తిన్నారు.

ఫొటోకి దండం పెట్టి బయటికి వచ్చినవాడల్లా పక్కవాడి బండి దగ్గర ఆగడం మొదలుపెట్టాడు.

"ఇది యాడ తీసుకుంటివప్పా?"

"కదిరిలో. ఆరేండ్లాయ. ఇంతవరకు ఇంజను విప్పలా."

"స్టార్టు చెయ్, చూస్తాం."

కాసేపటికి ఏడెనిమిది బండ్లు ఒక్కసారి స్టార్టయి ఊరుకున్నాయి. లోపల ఆడవాళ్ళు ఏడుపు ఆపి, ఏమైందో అని బయటికి తొంగి చూశారు. ఆయన ఉండి ఉంటే ఇంకో రెండు బండ్లు కూడా స్టార్టు చేయించి ఉండేవాడని నాకు అనిపించింది.

ఇంతమందికి బండ్లు చూసిపెట్టిన మనిషికి బండి నడపడం రాదు. నేర్చుకుంటానని కూడా ఎప్పుడూ అనలేదు. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ దాకా పంచె, భుజాన తెల్ల తువ్వాలు. పంచె మూలాన కాళ్ళు రెండూ ఒకవైపుకే వేసి, ఆడవాళ్ళ మాదిరి పక్కకు తిరిగి కూర్చునేవాడు. కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. కొత్తగా ఎక్కించుకున్నవాళ్ళు ముసలాయనకి తూగొచ్చిందనుకుని భయపడేవాళ్ళు. ఆయన నిద్రపోవడం లేదు, బండిని వింటున్నాడు.

"ముందర కూర్చునేటోనికి ఏం తెలుస్తాది? వాని చేతిలో హ్యాండిలుండాది, వాని ధ్యాసంతా రోడ్డు మీద. బండి ఎట్లుండాదో ఎనక సీటును అడగల్ల" అనేవాడు. అందుకే ఆ పేరు వచ్చింది.

అంతకుముందు ఆయనది గొడ్ల సంత. ఎద్దుల పళ్ళు చూసి, నడక చూసి, కొనేవాళ్ళకు మంచి జత ఏరిపెట్టేవాడు. మా జిల్లాలో వానలు మొహం చాటేసిన కొద్దీ ఊళ్ళలో ఎద్దులు తగ్గాయి. గొడ్ల కొట్టాల్లో ఎద్దులు కట్టే చోట స్కూటర్లు నిలబడ్డాయి. ఆయన పెద్దగా బాధపడినట్టు లేదు. తనకు తెలిసిన పనినే ఎద్దు మీంచి తీసి స్కూటరు మీద పెట్టాడు, అంతే.

బండి చూడటానికి పోతే ఆయన ముందు బండిని చూసేవాడు కాదు. అమ్మేవాడి కాళ్ళు చూసేవాడు. కుడికాలి చెప్పు మడమ దగ్గర అరిగి ఉంటే ఇంక లోపలికి అడుగు పెట్టడు. బ్రేకులు పడక కాలు నేలకి ఆనించి బండి ఆపుతున్నాడని ఆయన లెక్క. తర్వాత బండి రాత్రంతా నిలబడిన చోటు చూసేవాడు, నేల మీద నూనె మరకలున్నాయేమోనని. తర్వాత ఇంజను మీద అరచెయ్యి పెట్టేవాడు. వెచ్చగా తగిలితే అమ్మేవాడి వైపు జాలిగా చూసేవాడు.

"మేమొచ్చేలోపల వేడి చేసి పెట్టినావా నాయనా? సల్లగా ఉంటే స్టార్టు కాదా పాపం?"

భుజం మీది తువ్వాలు తీసి పొగ గొట్టానికి అడ్డం పెట్టి, బండి స్టార్టు చేయించి, తువ్వాలు మీద పడిన మరకని వాసన చూసేవాడు. మీటరు మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చదవనిచ్చేవాడే కాదు. సంతలో ముసలి ఎద్దుకు కొమ్ములు చెక్కి, రంగేసి, వయసు తగ్గించి అమ్మేవాళ్ళని చూసిన మనిషికి మీటరు ఒక లెక్కా? కాళ్ళు పెట్టుకునే రబ్బరు అరిగిందా లేదా, అదే చూసేవాడు. వెనక కూర్చునేవాళ్ళు కాలు పెట్టే చోటు కూడా అరిగి ఉంటే, "ఇది సంసారం చేసిన బండి" అని తేల్చేవాడు.

ఇంత చేసి ఎవరి దగ్గరా పైసా తీసుకునేవాడు కాదు. షరతు ఒకటే. ఆయన రోడ్డు మీద కనబడితే ఎక్కించుకోవాలి. ఎక్కడికంటే అక్కడికి. మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండవు, బండ్లు గుర్తుంటాయి. సర్కిల్లో నిలబడి, "ఓ నల్లబండీ! ఓ పగిలిన అద్దం బండీ!" అని కేకేసేవాడు. ఒకసారి మా సబ్‌రిజిస్ట్రారుగారినే ఆఫీసు గేటు దగ్గర "ఓ ఎర్రబండీ, శింగనమల దాకా పోతాం రా" అని పిలిచాడు. సారు నవ్వుతూ ఎక్కించుకుని పోయి, మధ్యాహ్నం మూడింటి దాకా సీట్లోకి రాలేదు. ఆ రోజు దస్తావేజులన్నీ మరునాటికి పడ్డాయి.

ఇంక నా సంగతి. మా ఆవిడ నాకు మేనమామ కూతురు. వెనక సీటు మామ ఆమెకు చిన్నాయన వరస. మా ఆవిడ రైలు బ్రిడ్జి అవతల ఒక ప్రైవేటు స్కూల్లో హిందీ చెబుతుంది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. నేను బక్కవాణ్ణి, నా బండి నాకంటే బక్కది. పెళ్ళికి ముందు నా ఒక్కడి కోసం కొనుక్కున్న చిన్న స్కూటరు అది. ఇరవై ఏళ్ళుగా మా ఇద్దర్నీ మోసి మోసి దానికి ఊపిరి ఆడడం మానేసింది.

నాలుగేళ్ళ కిందట ఒకరోజు పొద్దున, రైలు బ్రిడ్జి ఎత్తులో అది మూలగడం మొదలుపెట్టింది. ఇంజను పోతుందని నా భయం. "రొంత దిగి నడువ్, పైన ఎక్కించుకుంటా" అన్నాను. ఆమె దిగింది. నేను పైదాకా పోయి ఆగి వెనక్కి తిరిగి చూస్తే, ఒక చేతిలో క్యారియరు, ఒక భుజాన నోటు పుస్తకాల సంచి, ఎండకు కళ్ళు చికిలించుకుంటూ ఎక్కి వస్తోంది. సరిగ్గా అప్పుడే వాళ్ళ స్కూలు పిల్లల ఆటో ఆమె పక్కనించి పోయింది. "హిందీ మేడం దిగిపోయింది!" అని ఎవడో అరిచాడు. ఆ తర్వాత ఆటో మొత్తం అరిచింది.

ఆమె నా దగ్గరికి వచ్చి ఆగలేదు. నన్ను దాటి నడిచిపోయింది. సాయంత్రం ఇంట్లో సర్దిచెప్పబోయాను. ఇంజను వేడెక్కితే ఎంత ఖర్చవుతుందో వివరంగా చెప్పాను.

"ఇంజనుకు కష్టమైతే నీకు తెలుస్తాది బావా. నాకు కష్టమైతే తెలీదు. ఆ మాత్రం అర్థమాయ, చాలు" అంది.

అంతే, ఆ రోజు నుంచి నా వెనక ఎక్కలేదు. మాట్లాడుతుంది, వండి పెడుతుంది, ఫీజులూ కరెంటు బిల్లులూ అన్నీ ఎప్పటిలాగే. బండి మాత్రం ఎక్కదు. స్కూలుకి షేర్ ఆటోలో పోతుంది. బంధువుల పెళ్ళికి పోతే నేను బండి మీద, ఆమె ఆటోలో. గేటు దగ్గర ఒకరి తర్వాత ఒకరం దిగితే మా వాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారు. అట్లా రెండు పెళ్ళిళ్ళకు పోయేసరికి మేం విడిపోతున్నామని గుత్తి దాకా తెలిసింది. నన్ను చాటుకి పిలిచి, "ఆస్తి ఎవరి పేరు మీద ఉండాదప్పా?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

రెండు నెలలు గడిచాయి. బయటికి నవ్వుతున్నాను గానీ లోపల నాకు బాగాలేదు. ఇరవై ఏళ్ళు వీపు వెనక ఒక మనిషి కూర్చుని, స్కూల్లో ఏమైందో, ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో చెవిలో చెబుతూ ఉంటే, అది వినడం కూడా ఒక పనే అని నాకు తెలియలేదు. ఇప్పుడు రోడ్డంతా గాలి చప్పుడే. ఇల్లు చేరేసరికి నాకు చెప్పాల్సిన మాటలన్నీ ఆమె ఆటోలో ఎవరికో చెప్పేసి ఉంటుంది.

ఆ రోజుల్లోనే మామ ఎవరి బండి మీదనో వచ్చి నా టేబుల్ ముందు దిగాడు. దిగుతూనే అడిగాడు.

"ఆ అమ్మి నీ ఎనక కూర్చోదంట గదా అల్లుడా?"

చెప్పాను. వింటూ ఆయన నా పాత బండిని చూస్తున్నాడు.

"దుడ్లెంతుండాయి?"

"నలభై వేలు దాటకూడదు మామా. పెద్ద బండి కావల్ల. నూట ఇరవై అయిదు సీసీ. సీటు వెడల్పుండల్ల, ఎత్తులో మూలగకూడదు. ఆ దుడ్లకు కొత్తది రాదు."

"రేప్పొద్దున వస్తా" అని లేచి, అటు పోతున్న పచ్చబండిని కేకేశాడు.

ఆ తర్వాత మూడు వారాలు నా తల ప్రాణం తోకకొచ్చింది. గుమ్మఘట్టలో ఒక మంచి బండి ఉందని తెలిసి రెండు బస్సులు మారి పోయాం. అమ్మేవాడు సగం కన్నడం, సగం తెలుగు కలిపి ఎంతో మర్యాదగా లోపలికి రమ్మన్నాడు. కాఫీ పెట్టమని ఇంట్లోకి కేకేశాడు. మామ గుమ్మం దగ్గరే ఆగి వాడి చెప్పులు చూశాడు. "వస్తాం నాయనా" అని వెనక్కి తిరిగాడు. బండి ఏ రంగో కూడా నేను చూడలేదు. వంద కిలోమీటర్లు పోయి ఒక చెప్పు చూసి వచ్చాం.

తాడిపత్రిలో ఇంకోటి చూశాం. బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీకి రోజూ తిరిగిన బండి. తుడిచి తళతళలాడిస్తూ పెట్టారు. మామ గాలి పీల్చుకునే డబ్బా విప్పించి, లోపల వేలు పెట్టి, తెల్లగా అంటుకున్న రాతిపొడిని నా ముక్కు దగ్గర పెట్టాడు.

"దీనికి ఆయాసముండాదప్పా. మీ ఇంటికి ఇంగో రోగిష్టిని తోలకపోతావా?"

నాకు ఒళ్ళు మండింది. "మామా, నేను ఇంటికి కోడల్ని వెతకడం లేదు. స్కూటరు కొంటున్నా" అన్నాను. ఆయన నవ్వలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ బస్సు గేరు బాక్సు గురించి కండక్టరుకి చెప్పుకుంటూ వచ్చాడు.

చివరికి మా ఊళ్ళోనే దొరికింది. రైలు బ్రిడ్జి కింద సెకండ్ హ్యాండ్ బండ్లమ్మే కన్సల్టెన్సీలో. బూడిద రంగు బండి, వెడల్పు సీటు, కాళ్ళు పెట్టుకునే చోటు మా ఇంటి అరుగంత ఉంది. అమ్మేది ముప్ఫై అయిదేళ్ళ సాయిబు. చెప్పులు లేకుండా తిరుగుతున్నాడు. మామ వాడి కాళ్ళకేసి చాలాసేపు చూసి, ఏమీ తేల్చుకోలేక, ముందుకు పోయాడు. నేల శుభ్రంగా ఉంది. ఇంజను చల్లగా ఉంది. తువ్వాలు మీద మరక పడలేదు. వెనక కూర్చుని కళ్ళు మూసుకుని సందు చివరిదాకా పోయి వచ్చాడు. 

"బాగుండాది" అన్నాడు. "ఆ అమ్మిని పిల్చుకరా. కూర్చునేది ఆమె గదా."

"ఆమె రాదు మామా. ముందు కొని ఇంటికి తీసుకపోతే అప్పుడు…"

"కొని తీసుకపోతే ఆ బండి నీది. ఆమెది యాడైతాది?"

"నేను అడగలేను."

"ఎందుకడగలేవు?"

 తప్పు చేశానని లోపల తెలుసు. దాన్ని నోటితో అనడం కంటే నలభై వేలు పెట్టడం సులభమనుకున్నాను.

మామ తువ్వాలు భుజాన సర్దుకున్నాడు. సాయిబు దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పాడు. వచ్చి, "నువ్వు ఎనక ఎక్కు. ఈయప్ప తోల్తాడు. బ్రిడ్జి మీద ఎట్ల పోతాదో చూసుకో" అన్నాడు.

ఎక్కాను. బండి బ్రిడ్జి ఎత్తులో చక్కగా పోతోంది. నాకు హాయిగా ఉంది. సగం ఎక్కాక సాయిబు బండి ఆపాడు.

"అన్నా, రొంత దిగి నడుస్తావా? పైన ఎక్కించుకుంటా."

"ఎందుకు? బాగానే పోతాంది గదా!"

"ఇంజనుకు కష్టమన్నా" అన్నాడు, నా మొహం చూడకుండా.

దిగాను. వాడు పోయాడు. నేను ఒక్కణ్ణే ఆ ఎత్తులో. బ్రిడ్జి పక్కన జామకాయలు అమ్మే ఆమె నన్ను చూసి పక్కనున్నామెతో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. రిజిస్ట్రారాఫీసుకి వచ్చే రైతు ఒకతను బండి మీద పోతూ, "ఏమన్నా, దింపేసినారా?" అని అరిచి పోయాడు. ఆ ఎత్తు ఎంత పొడుగుంటుందో బండి మీద పోయేవాడికి ఎప్పటికీ తెలియదు. చెమట కారింది. సిగ్గుతో మొహం కాలిపోయింది. దింపినవాడి మీద కోపం కంటే, దిగమనగానే నోరు మూసుకుని దిగిన నా మీద నాకే కోపం ఎక్కువొచ్చింది.

వెనక చెప్పుల చప్పుడు. తిరిగి చూస్తే మామ. మోకాలు పట్టుకుని, రొప్పుతూ, నా వెనకే ఎక్కి వస్తున్నాడు.

"నువ్వెందుకొస్తాండావ్ మామా?"

"నిన్ను ఒంటిగా నడిపీకూడదని. నేనే చెప్పినా దింపమని."

"నీకేం పాపం చేసినా?"

"నాకేం చేస్తివి. నడువ్, చెప్తా."

రెండడుగులు వేసి ఆగాడు. మళ్ళీ రెండడుగులు.

"మీ అత్తకు ఏడో నెల. ఎద్దుల బండి కట్టుకొని పుట్టింటికి తోలకపోతాంటి. కొత్త జత, తెచ్చి నెల కూడా కాలా. గుట్ట ఎత్తు వచ్చె. ఎద్దులు రొప్పుతాంటే నా పానం ఆగలా. 'రొంత దిగుమే' అంటి. దిగె పాపం. కడుపు పట్టుకొని పైదాకా నడిచె."

"తరవాత?"

"తరవాతేముండాది. మూడు నెల్లకు మంచి బేరమొచ్చిందని ఆ ఎద్దుల్ని అమ్మేస్తి." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "ముప్పై ఏండ్లు అడిగినాదప్పా. అన్నం పెడ్తా అడుగుతాది. పండుకునేటప్పుడు అడుగుతాది. 'నన్ను దింపి కాపాడుకుంటివే, ఆ ఎద్దులేవి, ఒగసారి సూపీ' అంటాది. యాడనించి తెచ్చి సూపీల్ల? పోయేంతవరకు అడిగె."

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. మా అత్త పోయి అప్పటికి రెండేళ్ళు. నన్ను దారికి తేవడానికి ఆయన అప్పటికప్పుడు కల్పించాడా అని తర్వాత ఒకట్రెండు సార్లు అనుమానం వచ్చిన మాట నిజం. కానీ ఆ రొప్పు మాత్రం కల్పించింది కాదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి మా ఆవిడ నోటు పుస్తకాలు దిద్దుతోంది. నిలబడే చెప్పాను.

"ఈ పొద్దు నన్ను బ్రిడ్జి మీద దింపినారు."

ఎర్ర పెన్ను ఆగింది.

"సగంలోనా?"

"సగంలోనే."

"ఎవరన్నా చూసినారా?"

"చూసినారు. జామకాయలామె, ఇంగొకామె, మా ఆఫీసుకొచ్చే రైతు ఒకాయన."

"నవ్వినారా?"

"నవ్వినారు."

ఆమె ఒక పుస్తకం మూసి ఇంకొకటి తెరిచింది. ఆ పిల్లవాడికి మార్కులు వేసింది. "ఆదివారమైతే వస్తా" అంది.

ఆదివారం మామ మాకంటే ముందే వచ్చి కన్సల్టెన్సీ ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందు బేరం. సంతలో చేసినట్టే సాయిబు చెయ్యి పట్టుకుని, మీద తువ్వాలు కప్పి, వేళ్ళు నొక్కడం మొదలుపెట్టాడు. ఎన్ని వేళ్ళు నొక్కితే అన్ని వేల రూపాయలు. పైకి ఒక్క మాట లేదు. సాయిబు బెదిరిపోయాడు.

"ఏంది తాతా, చెయ్యెందుకు పట్టుకుంటాండావ్? నోటితో చెప్పరాదా?"

"నోటితో చెప్తే నలుగురు వింటారు."

"ఈడుండేదే మనం నలుగురం గదా తాతా!"

"గమ్మునుండు. వేలు చూసుకో."

సాయిబుకి అరచేతిలో చక్కిలిగింత. మెలికలు తిరుగుతూ, నవ్వు ఆపుకోలేక, "సరే, సరే, వదులు తాతా" అన్నాడు. మామ తువ్వాలు తీసి దులిపి, "ముప్పై ఏడు. నువ్వే సరే అంటివి" అన్నాడు. బోర్డు మీద నలభై రెండు వేలని రాసి ఉంది. సాయిబు తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. కాసేపు వాదించి, మామ మొహం చూసి, ఒప్పుకున్నాడు.

"ఇంగ ఎక్కమ్మీ" అన్నాడు మామ. "నువ్వు బాగుందంటేనే బేరం."

ఆమె ఎక్కింది. దాదాపు మూడు నెలల తర్వాత నా వీపు వెనక ఆ బరువు.  బండి కదిలింది, బ్రిడ్జి ఎత్తు మొదలైంది. మూలగలేదు. సగం దాటింది. జామకాయలామె దాటింది.  పైకి చేరాం.

"ఆపు బావా" అంది.

ఆపాను. దిగింది. కొంగు సర్దుకుని, రెయిలింగు దగ్గరికి పోయి నిలబడింది. 

"ఏమైంది? సీటు బాగలేదా?"

"సీటు బాగానే ఉండాది."

"మరి?"

"దిగాలనిపించె. దిగినా." కింద రైలు పట్టాలకేసి చూస్తూ అంది. "నువ్వు దిగమంటే దిగింది కాదు. నేనే దిగినా."

బండి స్టాండేసి ఆమె పక్కన నిలబడ్డాను. "ఆ పొద్దు నేను చేసింది తప్పే" అన్నాను. ఇంజను గురించి ఏమీ చెప్పలేదు.

"తప్పని నాకు తెలుసు. నీకెప్పుడు తెలుస్తాదా అని చూస్తాంటి" అంది.

ఇంతలో కింద నుంచి కేకలు. మామ పంచె ఎగ్గట్టి, తువ్వాలు ఊపుకుంటూ, ఎత్తు మీద కుంటుతూ పరుగెత్తుకొస్తున్నాడు. వెనక సాయిబు. ఆమె దిగడం కింద నుంచి చూసి, బండి నిలిచిపోయిందనుకున్నాడు మామ.

"నిలిచిపోయెనా! ఆ అమ్మిని మల్లా దింపితివా! ఒరే సాయిబూ, ఇదేనా నీ బండి!"

"నా బండి నిలిచిపోయే బండి కాదు తాతా! ఒగసారి చూడు తాతా!"

వచ్చి, రొప్పుతూ, ఇద్దర్నీ చూశాడు. మా ఆవిడ ఎదురు పోయి ఆయన చెయ్యి పట్టుకుంది.

"బండి నిలిచిపోలా చిన్నాయనా. నేనే దిగినా."

"నువ్వే దిగినావా?"

"నేనే."

"వీడు దిగమనలా?"

"అనలా. బండి నన్ను పైదాకా మోసె. నాకు దిగాలనిపించి దిగినా."

ఆయన బ్రిడ్జి అంచున కూలబడ్డాడు.  తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు, దాచుకోలేదు. "అయితే తీసుకో" అన్నాడు. నాతో కాదు, ఆమెతో.

లేవబోతే మోకాలు పట్టేసింది. మేం ముగ్గురం పట్టుకుని లేపాల్సి వచ్చింది.

"నువ్వు బండెక్కు చిన్నాయనా. నేను నడిచొస్తా" అంది మా ఆవిడ.

"నిన్ను నడిపిచ్చి నేనెక్కల్లనా? పానం పోయినా ఎక్కను."

"ఎక్కు" అంది, క్లాసులో పిల్లలతో అనే గొంతుతో. ఆయన మారుమాట్లాడకుండా నా వెనక పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

ఆమె నడవకూడదని కొన్న బండి. బ్రిడ్జి మీంచి కింది దాకా ఆమె నడిచింది, మాకంటే పదడుగుల ముందు, చేతులు ఊపుకుంటూ, సాయిబుతో ఏదో చెప్పి నవ్వుతూ. వెనక నుంచి మామ నా భుజం గట్టిగా పట్టుకుని, "మెల్లగ పోప్పా, మెల్లగ. ఆ అమ్మిని దాటొద్దు" అంటూనే ఉన్నాడు.

దాటలేదు.